పంటిలో పసిడి, పోతలో మైనము

మైనముతో ముందుగా రూపమును తీర్చి, చుట్టును మట్టి మెత్తి, కాల్చి మైనమును కరగిపోనిచ్చి, ఆ ఖాళీలో లోహమును పోయుట మనకు ప్రాచీనవిద్య. 12వ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమున దీనిని వర్ణించినాడు. ఆదిలాబాదు ఓజుల చేతులలో ఇది నేటికిని జీవించియున్నది. ఇట్టి విద్యయే పాశ్చాత్యదేశమున దంతవైద్యుని పనిగదిలో ప్రవేశించిన వృత్తాంతమును మనమిప్పుడు చూతము.

19వ శతాబ్దపు ఉత్తరార్ధమున పిప్పిపంటిని బంగారముతో పూడ్చవలెనన్న, పలుచని రేకులను పొరపై పొరగా గుంటలో కూరి చిన్న సుత్తితో మోదుచుండిరి. రోగి గంటలకొలది నోరు తెరచి కూర్చుండవలసివచ్చెడిది. 1907 జనవరిలో న్యూయార్కు దంతవైద్యుల సమావేశమున విలియం టాగర్టు వేరొక మార్గమును చూపెను: గుంటకు సరిపడు రూపమును మైనముతో తీర్చి, బంగారమున పోతపోసి, ఆ ముక్కను సిమెంటుతో అతికించుట. అయోవా రాష్ట్రమున ఫిల్‌బ్రూక్ అను వైద్యుడు 1896లోనే ఇట్టి పద్ధతిని తెలిపియుండెను గాని, అప్పుడది ప్రచారమునకు రాలేదు.

విగ్రహమున వెండ్రుకవాసి తేడాను కన్ను క్షమించును, పన్ను క్షమింపదు. సందు మిగిలినచో అచట మరల పిప్పి పుట్టును. కరగిన బంగారము గట్టిపడునప్పుడు నూటికి సుమారు ఒకటిన్నర వంతు కుంచించును. మైనము వేడికి ఉబ్బును, చలికి ముడుచుకొనును. కావున ఎట్టి మైనమును ఎన్నుకొనవలెనను ప్రశ్న ప్రధానమాయెను.

ఒట్టి తేనెమైనము మెత్తన. ఒట్టి పారఫిన్ చెక్కునపుడు పెచ్చులూడును. అందుచే పారఫిన్‌లో నునుపునకు డామర్ గుగ్గిలమును, గట్టితనమునకు బ్రెజిల్ దేశపు తాటిజాతి ఆకులనుండి తీయు కార్నాబా మైనమును కలుపసాగిరి. పంటిపై స్పష్టముగ కనబడుటకై నీలము, ఆకుపచ్చ రంగులు చేర్చిరి. అమెరికా దంతవైద్య సంఘమువారి 4వ ప్రమాణము ప్రకారము, నోటిలోనే తీర్చు మైనము 45 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద ఒత్తిడికి చక్కగ సాగవలసియుండెను. దేహపు వేడియగు 37 డిగ్రీల వద్ద నూటికి ఒక వంతుకు మించి అణగరాదని నియమముండెను. కాల్చినపిదప వేయింట ఒక వంతుకు మించి శేషము మిగులరాదనియు ఉండెను. బంగారము కుంచించు లోటును వేడికి వ్యాకోచించు ప్లాస్టరు, సిలికాల మూస తీర్చును. తీర్చిన మైనమును ఊరక ఉంచిన వంకరపోవును గనుక వెంటనే మూసలో పెట్టుట నియమము.

నేడు కంప్యూటరు సాయముతో పళ్లను చెక్కు యంత్రములు వచ్చినను, మైనపు పోత పూర్తిగ తొలగలేదు. ముగిసిన పోతలో మైనపు జాడ యుండదు. మైనమున జరిగిన తప్పు మాత్రము బంగారమున నిలిచిపోవును.