జగ్గయ్యపేట, నందిగామలలో షెడ్లు, కార్యాలయ గదుల లీజు: నమోదు కాని పత్రంతో ఇబ్బందులు

పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలోని జగ్గయ్యపేట, నందిగామ పట్టణాలు 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నవి. ఈ రెండును హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారిపై నెలకొన్నవి. జయంతిపురం, ముక్త్యాల సిమెంటు కర్మాగారాలు జగ్గయ్యపేటకు చేరువలోనే కలవు. ఇటువంటి చోట వాణిజ్య భవనంలో గదిని కార్యాలయానికి గాని, షెడ్డును చిన్న పరిశ్రమకు గాని తీసుకొనేవారు అద్దె కంటె ముందుగా పరిశీలించవలసినది లీజు పత్రం.

ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 106వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, వస్తూత్పత్తి కొరకు ఇచ్చిన లీజును సంవత్సరపు లీజుగా పరిగణిస్తారు. దానిని ముగించుటకు 6 నెలల నోటీసు ఇవ్వవలెను. కార్యాలయం, దుకాణం, గిడ్డంగి వంటివి నెలవారీ లీజులు. వాటికి 15 రోజుల నోటీసు చాలును. 2002 డిసెంబరు 31 నుండి అమలులోనికి వచ్చిన సవరణ మేరకు ఈ గడువును నోటీసు అందిన తేదీ నుండి లెక్కిస్తారు. యంత్రాలు బిగించి, విద్యుత్ కనెక్షన్ పొంది, పనివారిని కుదుర్చుకొన్న పారిశ్రామికునికి ఇది చిన్న తేడా కాదు.

అయితే ఏడాదికి మించిన లీజును, సంవత్సరపు లీజును 107వ సెక్షన్ మేరకు రిజిస్టరు చేయించవలెను. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పుతుందని పలువురు 11 నెలల పత్రంతోనో, నమోదు చేయని దీర్ఘకాలిక పత్రంతోనో సరిపెట్టుకొనుచున్నారు. పాల్ రబ్బర్ ఇండస్ట్రీస్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023లో ఇచ్చిన తీర్పు ఈ అలవాటుకు సంబంధించినదే. 5 సంవత్సరాల నమోదు కాని ఒప్పందాన్ని చూపి, తమది ఉత్పత్తి లీజు గనుక 6 నెలల నోటీసు కావలెనని అద్దెదారు చేసిన వాదన నిలువలేదు. 15 రోజుల నోటీసే చెల్లినది.

రహదారి వెంట వాహనాల మరమ్మతు షెడ్లు నడుపువారు మరింత జాగ్రత్త వహించవలెను. అలెన్‌బరీ ఇంజనీర్స్ వ్యాజ్యంలో (1973 నాటి న్యాయ నివేదికలు) వాహనాలను నిలువ చేసి, బాగుచేసి, తిరిగి అమ్ముటకు తీసుకొన్న స్థలం ఉత్పత్తి లీజు క్రిందికి రాదని సుప్రీంకోర్టు నిర్ణయించినది. షెడ్డులో ఏ వస్తువు తయారగునో పత్రంలోనే స్పష్టంగా వ్రాసుకొనుట మేలు.

వాణిజ్య భవనాల అద్దెపై జీఎస్టీ 18 శాతం. ఇక బిగించిన యంత్రాల సంగతి. వేరే ఒప్పందం లేనిచో 108వ సెక్షన్ మేరకు అద్దెదారు వాటిని లీజు ముగిసిన తరువాత కూడ తీసుకొనిపోవచ్చును. కాని స్థలం తన స్వాధీనంలో ఉన్నంతవరకే ఆ హక్కు. స్థలాన్ని తాను పుచ్చుకొన్ననాటి స్థితిలో అప్పగించవలెను.