సురుల్ పల్లెలో మొదటి పాఠము

పాఠశాలకు నాయకుడెవడు? హాజరుపట్టీని, జీతపు బిల్లును సరిచూచువాడా? 20 ఏండ్లుగా బడిపంతులునై యున్నవాడను గనుక నీ ప్రశ్న నన్ను విడువదు. దీనికి సమాధానము వంగదేశమున బీరభూమి మండలములోని సురుల్ అను పల్లె చరిత్రలో నాకు గొంత దొరకినది.

1912లో రవీంద్రనాథ ఠాకూరు అచట నొక పాత భవనమును గొనెను. శాంతినికేతనమునకది రెండు మైళ్ల దూరము. ఎర్రనేల, చెట్లు పోయి, వానలకు మట్టి కొట్టుకొనిపోయి, గండ్లుపడిన బీడు. చుట్టుపట్ల పల్లెలను మలేరియా జ్వరము పీల్చి పిప్పి చేయుచుండెను. అంతకు ముందే, 1906లో, ఆయన తన కుమారుడగు రథీంద్రనాథుని, సంతోషచంద్ర మజుందారును వ్యవసాయవిద్యకై అమెరికాకు బంపెను. కలవారి బిడ్డలు బారిష్టరు పట్టాలకై సీమకు బరుగెత్తుచున్న కాలమది!

1922 ఫిబ్రవరిలో సురుల్‌నందు గ్రామపునర్నిర్మాణ సంస్థ ప్రారంభమయ్యెను. శ్రీనికేతనమని మనమెరిగినది యిదియే. దాని ప్రథమాధ్యక్షుడు లెనార్డు ఎల్మ్‌హర్‌స్టు అను 28 ఏండ్ల ఆంగ్లేయుడు; కేంబ్రిడ్జిలో చరిత్రమును, కార్నెల్‌లో వ్యవసాయమును జదివినవాడు. అతడు మొదట నేర్పిన పాఠము నాగలి గూర్చి కాదు, మరుగుదొడ్డి గూర్చి. పాకీవాని నియమింపక, తమ దొడ్లను తామే శుభ్రపరచుకొని, ఆ మలమును కందకములలో గప్పి యెరువు చేయవలెను. విద్యార్థులు భద్రకుటుంబముల బిడ్డలు. వారికిది యెంత కష్టముగా దోచియుండునో మన యిండ్లలో పుట్టిపెరిగినవారికి వేరుగ జెప్పనక్కరలేదు. అధ్యక్షుడు ఆజ్ఞ యిచ్చి దూరముగ నిలువలేదు. అస్పృశ్యతను గూర్చి వేయి యుపన్యాసములు సాధింపలేనిదానిని ఒక బొక్కెన సాధించెనని నా యభిప్రాయము.

ఆ యేడే యతడు కలకత్తాలో రవీంద్రుని యధ్యక్షతను ‘భూమిని దోచుట’ యను విషయమున నుపన్యసించెను. పల్లె పండించినది పట్టణమునకు బోవుచున్నది. మట్టికి మరల వచ్చునదేమియు లేదు. నేల బీదదైన, దానిపై బ్రతుకువాడును బీదవాడగును. నేడు సుస్థిరాభివృద్ధి యని మనము పెద్ద మాటలతో జెప్పుకొనుచున్నదంతయు నిందులో గలదు.

శాంతినికేతనపు పిల్లల తల్లిదండ్రులు పరీక్షలు గోరిరి. ఆ యొత్తిడి లేని పేద పిల్లలకై 1924లో శిక్షాసత్రము పుట్టినది. సంతోషచంద్రుడే దానిని నడపెను. తోటపని, నేతపని, ఇంటిపని, వీనినుండియే అక్షరము, లెక్క. 1926లో నాతడు గతించెను. మరునాడే మూతబడు బడులను నేనెరుగుదును. ఇది మూతబడక 1927లో శ్రీనికేతనమునకు జేరెను. 1928లో వృక్షారోపణ, హలకర్షణోత్సవములు ప్రారంభమయ్యెను.

లోపములు లేవనను. ధనము చాలవరకు డోరొతీ స్ట్రెయిటను అమెరికా వనితది. పొరుగు పల్లెల దారిద్ర్యము తీరిపోలేదు. కాళీమోహన ఘోషువంటివారు గ్రామగ్రామము దిరుగకున్న నా పనియంతయు తోటగోడ దాటియుండెడిది కాదు.

ఈ చరిత్రము చదివినప్పుడెల్ల నాకొక శనివారము జ్ఞప్తికి వచ్చును. నేను పనిచేసిన యొక బడిలో రాలిన ఆకులను వారమువారము ప్రోగుచేసి తగులబెట్టుట యాచారము. ఆనాడు లోపల నేను ఆకుటెరువును గూర్చి నల్లబల్లపై వ్రాయించి, పిల్లలచే వల్లె వేయించుచుంటిని. పొగ గదిలోనికి వచ్చెను. పిల్లలు దగ్గిరి. ఒక కుఱ్ఱవాడు లేచి, “ఆ ఆకులు ఎరువు కావా, మాస్టారూ?” అని యడిగెను. నేను బోయి కిటికీ మూసివచ్చితిని.