దూలము, కమాను

ఓరుగల్లు కోట నడుమ నాలుగు కీర్తితోరణములు నాలుగు దిక్కుల నిలిచి యున్నవి. వాని నడుమ నుండిన స్వయంభూదేవాలయము నేడు శిథిలశిలల రాశి. అక్కడికి కొద్ది దూరములోనే ఖుష్‌మహలను విశాలమైన కట్టడము కలదు. చూడవచ్చినవారు తోరణములను తనివితీర చూచి, మహలును దాటిపోవుట మేము పలుమార్లు గమనించితిమి. ఈ రెంటిని కలిపి చూడనివారికి ఓరుగల్లు కథ సగమే తెలియును.

కాకతీయ శిల్పుల పద్ధతి స్తంభముపై దూలము నిలుపుట. రాయి పైనుండి పడు బరువునెంతయైన మోయును గాని, వంపును సహింపదు. దూలము పొడవు పెరిగినకొలది దాని అడుగుభాగము సాగి పగులును. అందుచే స్తంభములను దగ్గరదగ్గరగ నిలుపవలసి వచ్చెను. 1163లో రుద్రదేవుడు హనుమకొండలో కట్టించిన వేయిస్తంభముల గుడిలోని స్తంభముల బారులు శోభకొరకు మాత్రమే పుట్టినవి కావు. రాతి స్వభావమే వానిని కోరినది. ఆ అవసరమునే శిల్పి అందముగ మలచినాడు.

1323లో ఢిల్లీ సైన్యము కోటను పట్టుకొనగా ప్రతాపరుద్రుని రాజ్యము ముగిసెను. ఆ పిమ్మట ఈ నేలపై పెద్ద కట్టడములలో కమానును, సున్నపు గచ్చును ప్రబలినవి. ఖుష్‌మహలు తుగ్లకుల సభామందిరమని కొందరు, షితాబుఖాను కట్టించినదని మరికొందరు చెప్పుదురు. ఎవరు కట్టించినను పద్ధతి మాత్రము స్పష్టము. కమానులో ప్రతి రాయియు పక్కరాతిని ఒత్తుచు నిలుచును. కావున నడుమ స్తంభము లేకయే విశాలమైన చోటు దొరకును. కాని కమాను తన్నుకాచు గోడలను వెలుపలికి నెట్టును. మహలు గోడలు మిక్కిలి దట్టముగ, పైకి పోయినకొలది లోనికి వాలి యుండుట ఆ ఒత్తిడికి తగియున్నది.

ఈ భేదము పండితుల ముచ్చట మాత్రమే కాదు. వేయిస్తంభముల గుడి కల్యాణమండపమును రాయి వెంబడి రాయిగ విప్పి, మరల కూర్చి 2024లో తెరచిరి. గచ్చు కట్టడమును అట్లు విప్పుట సులభము కాదు. కమానులో ఒక్క రాయి కదలినను తక్కినవానికి ముప్పు. పాత సున్నపు గోడకు సిమెంటు పూసినచో లోని తేమ వెలుపలికి పోజాలక గోడ చెడును. కావున దేనికి ఏ పద్ధతి తగునో ఎరిగిన చేతులు మనకు కావలెను.

2014లో తెలంగాణ రాష్ట్రము స్వీకరించిన చిహ్నములో కాకతీయ తోరణము నడుమ, 1591లో కట్టిన చార్మినారు కనిపించును. కాగితముపై ఆ రెంటిని కలిపితిమి. నేలపై రెంటిని కాపాడు విద్యను కూడ మన పిల్లలకు నేర్పవలెను.