అరాచకం ఎవరిది? – వెండితెర మీద మన నేల



ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు కోరారు. సినిమాల గురించి రాస్తానంటే మా శ్రీమతి నవ్వింది. అయితే కాటారంలో ఉద్యోగం చేసిన నాబోటి వాడికి కొన్ని సినిమాలు కాలక్షేపం కాదు. అవి మన కళ్ళ ముందు గడిచిన చరిత్రే.

రామాయణం అయోధ్యాకాండలో ఒక ఘట్టం ఉన్నది. దశరథుడు మరణించాడు, భరతుడు ఇంకా రాలేదు. రాజు లేని దేశం ఎట్లా ఉంటుందో పెద్దలు వసిష్ఠునితో చెబుతారు. అక్కడ వానలు కురవవట, రైతులు తలుపులు తెరిచి నిద్రపోలేరట. అరాచకం అంటే అదే. మరి మన పల్లెల్లో దొర ఉన్న రోజుల్లో ఎవరు తలుపులు తెరిచి నిద్రపోయారు?

ఈ ప్రశ్న వేసిన సినిమాల్లో ముందు చెప్పుకోవలసింది 1975లో శ్యాం బెనెగల్ తీసిన హిందీ చిత్రం 'నిశాంత్'. కథాకాలం 1945, స్థలం తెలంగాణ పల్లె. బడిపంతులు భార్యను దొర తమ్ముళ్ళు ఎత్తుకుపోతారు. పంతులు ఎక్కని గడప లేదు, విన్న అధికారి లేడు. చివరికి ఊరు ఊరంతా గడీ మీద పడుతుంది. అయితే ఆ గుంపు దొరలతోనే ఆగదు. ఎవరి కోసం తిరగబడ్డారో ఆ పంతులు భార్యనూ బతకనివ్వదు. న్యాయం అడగబోయిన కోపానికి కళ్ళు పోతే ఏమవుతుందో ఆ చివరి ఘట్టం చూపిస్తుంది.

గౌతం ఘోష్ 'మా భూమి' 1980లో మన ముందుకు వచ్చింది. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ గార్లు నిర్మించారు. రామయ్యగా సాయిచంద్ నటించారు. నేను కరీంనగర్‌లో చూశాను. నా పక్కన కూర్చున్న ముసలాయన వెట్టి సన్నివేశాలు వచ్చినప్పుడల్లా "గంతే, గట్లనే జేసిండ్రు" అని గొణుగుతూనే ఉన్నాడు. తెర మీది విషయానికి అంతకన్నా సాక్ష్యం నాకు అవసరం లేకపోయింది.

చరిత్ర చూస్తే 1946 జూలై 4న జనగామ ప్రాంతపు కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకి గుండుకు నేలకొరిగాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను విసునూరు దేశ్‌ముఖ్ పాలు కానివ్వలేదు. గడీలు ఖాళీ అయిన చోట దోపిడీ రాజ్యం వచ్చిందా? సంఘాలు గ్రామ కమిటీలు పెట్టుకున్నాయి, వెట్టిని రద్దు చేశాయి. ఉద్యమకారుల లెక్క ప్రకారం సుమారు 3 వేల గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచారు. గడీ మేడ మీద నుంచి అరాచకంగా కనిపించినది వాడలో నిలబడి చూస్తే కొత్త కట్టుబాటు. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చాక పారిపోయిన దొరలు పలుచోట్ల తిరిగి ఊళ్ళు చేరారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు.

1988లో వచ్చిన నర్సింగరావు గారి 'దాసి'లో తిరుగుబాటు లేదు, తుపాకీ లేదు. గడీలో ఒక దాసి బతుకు మాత్రమే ఉంది. దానికి 5 జాతీయ అవార్డులు వచ్చాయి, అర్చన ఉత్తమ నటి అయింది. అంతా సవ్యంగా, క్రమంగా నడుస్తున్నట్లు కనిపించే ఇంట్లోనే అన్యాయం ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అందులో చూశాము.

ఇక నన్ను నిద్రపోనివ్వని సినిమా ఉమామహేశ్వరరావు గారి 'అంకురం', 1992 నాటిది. రైలు ప్రయాణంలో ఒక చంటిబిడ్డ రేవతి చేతికి వస్తుంది. బిడ్డ తండ్రి తిరిగి రాడు. ఆయన ఆచూకీ కోసం ఆమె పడే తిప్పలే కథ.

ఆ రోజుల్లో కాటారం కరీంనగర్ జిల్లాలో ఉండేది. 2016లో భూపాలపల్లి వైపు వచ్చింది. అడవి అంచు ఊళ్ళు రెండు తుపాకుల మధ్య నలిగాయి. 1999 ఏప్రిల్ 13న మాజీ స్పీకర్ శ్రీపాదరావు గారిని మహాదేవపూర్ ప్రాంతంలో నక్సలైట్లు కాల్చి చంపారు. పేపర్లకు ఎక్కని పేర్లు ఇంకెన్నో.

ఒకనాడు పొద్దున్నే ఒక తల్లి నా బల్ల ముందుకు వచ్చింది. రాత్రి ఎవరో తలుపు కొట్టి కొడుకును పిలుచుకుపోయారట. "ఎవరమ్మా?" అంటే "చీకట్ల ఏమెరుక సారూ, తుపాకులున్నయి" అన్నది. ఇది మా పని కాదు, దరఖాస్తు రాయించుకొని రేపు రమ్మన్నాను. నిబంధన ప్రకారం తప్పు చెప్పలేదు. ఆమె మళ్ళీ రాలేదు. ఆ కొడుకు ఏమయ్యాడో నేను కనుక్కోలేదు. భయం వేసింది, అదే నిజం. తరువాత కొంతకాలానికి వీసీఆర్‌లో 'అంకురం' చూస్తూ మధ్యలో లేచి బయటికి వచ్చాను. పంతులు మాట వినని 'నిశాంత్' అధికారులను తిట్టుకున్న నేను, వారి కుర్చీలోనే కూర్చున్నానని ఆ రాత్రి అర్థమైంది.

వ్యవస్థ ఒక్కరోజున కూలదు మిత్రులారా. "రేపు రా" అన్న ప్రతి మాటకూ ఒక ఇటుక జారుతుంది. చివరికి గుంపు వచ్చినప్పుడు మనం అరాచకం అంటాము.

మనలో చాలామంది ఆ రోజుల్లో ఆ ఊళ్ళల్లోనే కొలువు చేశాము. ఈ సినిమాలు మనుమలకు, మనుమరాళ్ళకు చూపించండి. పక్కన కూర్చొని, మీరు చూసినది కూడా చెప్పండి, మీరు చేయలేకపోయినది కూడా.