ఆఫ్రా బెన్: కలముతో జీవించిన వనిత

స్త్రీలు వ్రాసిన గ్రంథములు నేడు ప్రతి గ్రంథాలయమునందును కలవు. కాని స్త్రీ తన రచనలచే ధనమార్జించుట గౌరవహీనమని తలచిన కాలము ఇంగ్లండులో నొకటి యుండెను. ఆ కాలమున కలమునే నమ్ముకొని జీవించిన తొలి వనితలలో ఆఫ్రా బెన్ అగ్రగణ్య.

1642లో మూయబడిన ఇంగ్లండు నాటకశాలలు, 1660లో రెండవ చార్లెసు రాజ్యమునకు వచ్చిన పిదప మరల తెరువబడెను. 1666లో డచ్చివారితో యుద్ధము జరుగుచుండగా ఆఫ్రా బెన్ ప్రభుత్వ గూఢచారిణియై ఆంట్‌వెర్ప్ నగరమునకు పోయెను. ఆమె సమాచారమును పంపుచుండినను ఖర్చులకు సొమ్ము సరిగా రాలేదు. అప్పులతో స్వదేశమునకు మరలి, ఋణదాతలు చెరసాల భయము చూపగా, రాజునకు విన్నపములు వ్రాసికొనెను.

పిమ్మట ఆమె నాటకరచనకు పూనుకొనెను. 1670లో ఆమె మొదటి నాటకము ప్రదర్శింపబడెను. ఆనాడు మూడవ దినపు వసూలులో ఖర్చులు పోగా మిగిలినదే నాటకకర్తకు ముఖ్యమైన ప్రతిఫలము. రెండు దినములకే ఆట నిలిచిపోయినచో శ్రమయంతయు వ్యర్థమే. అట్టి పరిస్థితులలో ఆమె ఏండ్ల తరబడి నాటకములు వ్రాసెను. 1677 నాటి ‘ది రోవర్’ మిక్కిలి ప్రసిద్ధి గాంచెను.

ఆమె నాటకములలో శృంగారము మితిమీరినదని పలువురు నిందించిరి. పురుషులు వ్రాసిన అట్టి నాటకములకు మాత్రము అంతటి నింద లేకుండెను. తన రచనలే పురుషుని పేర వెలువడినచో లోకము మెచ్చుకొనెడిదని ఆమె ‘ది లక్కీ చాన్స్’ పీఠికయందు నిర్భయముగా వాదించెను.

1682లో లండనులోని రెండు నాటక సమాజములు ఒక్కటియగుటచే క్రొత్త నాటకములకు గిరాకి తగ్గెను. ఆమె కథలు, అనువాదములు చేపట్టెను. 1688లో ‘ఓరూనోకో’ వెలువడెను. మోసమున పట్టుబడి, దక్షిణ అమెరికాలోని సురినాములో బానిసగా అమ్మబడిన ఆఫ్రికా రాకుమారుని కథ యిది. అతడు తోడి బానిసలను కూడగట్టి తిరుగుబాటు చేసి, తుదకు క్రూరముగా చంపబడును. బానిసత్వమును పూర్తిగా ఖండించిన గ్రంథమని దీనిని చెప్పజాలము. ఐనను బానిసయైన నల్లవానిని ధీరోదాత్త నాయకునిగా నిలుపుట ఆనాటికి గొప్ప సాహసము.

1689 ఏప్రిల్ 16న ఆమె మరణించెను. వెస్ట్‌మినిస్టర్ ఆబీ ప్రాంగణమున ఆమె సమాధి కలదు. తరువాతి తరములవారు ఆమె నీతిని శంకించి, రచనలను దూరముంచిరి. 1929లో వర్జీనియా వుల్ఫ్ రచయిత్రులందరును ఆమెకు ఋణపడియున్నారని చాటెను. గ్రంథములు భద్రముగా నిలిచినందుననే ఇంతకాలమునకైనను ఆమెకు న్యాయము కలిగెను.