సైబర్ భద్రతలో కృత్రిమ మేధ: బ్యాంకింగ్ రంగం

బ్యాంకుల కంప్యూటర్ వ్యవస్థల్లోకి జరిగే చొరబాట్లను, మోసపూరిత లావాదేవీలను మెషీన్ లెర్నింగ్‌తో పసిగట్టే పద్ధతుల సముదాయం. పాతతరం యాంటీవైరస్ ప్రధానంగా తనకు తెలిసిన వైరస్‌ల ఆనవాళ్లను వెతుకుతుంది. మెషీన్ లెర్నింగ్ పద్ధతి మాత్రం రోజువారీ వాడకం తీరును నేర్చుకొని, వేళకాని వేళ లాగిన్, కొత్త ఖాతాలో ఒక్కసారిగా భారీ జమ వంటి తేడాలను ఎత్తిచూపుతుంది.

తెలుగు ప్రాంతంలో దీని అవసరాన్ని బయటపెట్టిన ఘటన హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ సహకార అర్బన్ బ్యాంకుపై 2022 జనవరిలో జరిగిన దాడి. ఉద్యోగులకు పంపిన ఫిషింగ్ ఈమెయిళ్ల ద్వారా చొరబడిన నేరగాళ్లు రూ.12 కోట్లకు పైగా కాజేసి, వందకు మించిన ఖాతాలకు మళ్లించారు. సైబర్ భద్రతా నిబంధనలు పాటించనందుకు రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుకు రూ.65 లక్షల జరిమానా విధించింది. ఆ దాడిలోలా దొంగసొమ్మును చేతులు మార్చేందుకు వాడే ఇతరుల ఖాతాలను మ్యూల్ ఖాతాలు అంటారు. వాటిని గుర్తించేందుకు రిజర్వు బ్యాంకు ఇన్నొవేషన్ హబ్ ‘మ్యూల్‌హంటర్.ఏఐ’ అనే కృత్రిమ మేధ సాధనాన్ని రూపొందించింది; 2024 డిసెంబరు 6న ద్రవ్య విధాన ప్రకటనతో పాటు ఇది వెల్లడైంది.

ఇదే కృత్రిమ మేధ సాంకేతికత దాడిచేసేవారికీ అందుబాటులో ఉంది. హాంకాంగ్‌లో డీప్‌ఫేక్ వీడియో కాల్‌ను నమ్మిన ఒక సంస్థ ఉద్యోగి 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు బదిలీ చేసినట్లు 2024లో బయటపడింది. మోసాలను పసిగట్టే వ్యవస్థలు ఇచ్చే తప్పుడు హెచ్చరికల బెడద కూడా ఇంకా తీరలేదు. ఏ హెచ్చరిక నిజమో తేల్చే బాధ్యత బ్యాంకు సిబ్బందిదే. అందుకు వ్యవధీ తక్కువే: భారత కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం (సెర్ట్-ఇన్) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు నివేదించాలి.