ఓడలు ఒడ్డుకు రాని రేవు

మచిలీపట్నానికి, అంటే బందరుకు, లోతైన సముద్రం ఎన్నడూ లేదు. కృష్ణమ్మ తెచ్చిపోసే ఒండ్రుతో తీరమంతా మెరకే. పెద్ద ఓడలు మైళ్ళ అవతల లంగరు వేసేవి, సరుకు పడవల మీద రావలసిందే. అయినా పర్షియా నుంచి జావా దాకా వర్తకులు బందరు బాట పట్టారంటే, అది నీటి లోతు చూసి కాదు, బట్ట చూసి.

ఒకటో శతాబ్దపు గ్రీకు రచన 'పెరిప్లస్' మసాలియాలో సన్నబట్టలు విరివిగా తయారవుతాయని చెప్పింది. అది ఈ తీరమేనని చరిత్రకారుల మాట. తర్వాత పేరు తెచ్చింది కలంకారీ. గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో తడిపి ఆరబెడతారు. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరిన నీళ్ళు నలుపునిస్తాయి. ఎరుపుకు కలంతో పెట్టేది రంగు కాదు, పటిక నీళ్ళు! చిరివేరుతో ఉడికిస్తే పటిక తగిలినచోటే ఎరుపు పట్టుకుంటుంది, ఉతికినా వదలదు. ఆ చిరివేరు తీరపు ఇసుకనేలల్లో దొరికేది.

గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో డచ్చివారు 1606లో, ఇంగ్లీషువారు 1611లో ఇక్కడ స్థావరాలు పెట్టారు. వాళ్ళ మొదటి ఆశ యూరప్ అంగళ్ళ మీద కాదు. మసాలా దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనాలంటే అక్కడివాళ్ళు అడిగేది మన బట్టలే. 1641లో ఇంగ్లీషువారు కోరమండల్ తీరపు పెత్తనాన్ని మద్రాసుకు మార్చారు. అక్కడా అప్పటికి మంచి రేవేమీ లేదు. కాకపోతే కోట తమది, సుల్తాను అధికారుల గొడవ లేదు. 1687లో గోల్కొండ పడిపోయింది. తర్వాత మిల్లుబట్ట వచ్చి బందరు బట్టకు గిరాకీ తగ్గింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ముప్పై వేలమందిని పొట్టన పెట్టుకుంది.

వర్తకం పోయినా బందరు ఊరికే కూర్చోలేదు. 1902లో కృష్ణాపత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు. చిలకలపూడి రోల్డుగోల్డు సరేసరి. ఇక బెల్లంతో చేసే తొక్కుడు లడ్డు సంగతి, తిన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

2023లో కొత్త రేవు పనులు మొదలయ్యాయి. సముద్రం అడుగు తవ్వి ఓడలకు దారి చేయడం అందులో పెద్ద పని. కలంకారీ మాత్రం పక్కనున్న పెడనలో బతికుంది. ఇప్పుడక్కడ కలం కంటే చెక్క అచ్చుల అద్దకమే ఎక్కువ.